వాయిదా మావ రంగు

మనిషికి ఏ రంగు ఉండాలో నిర్ణయించే అధికారం నా చేతిలో ఉన్న రోజులవి. దేవుడు తొందరలో నలుపు ఎక్కువ కలిపేసిన వాళ్లనందరినీ పలాస స్టేషన్ రోడ్డులో ఒక ఫ్లెక్సీ షాపులో కూర్చుని నేను దిద్దుతుండేవాణ్ణి. టెక్కలిలో డిగ్రీ అయిందనిపించి, కంప్యూటర్ సెంటర్లో డిజైనింగ్ నేర్చుకుని (సర్టిఫికెట్ ఇచ్చారు కాబట్టి నేర్చుకున్నట్టే), వరసకు బావ అయ్యే ఓనరు దగ్గర చేరాను. పుట్టినరోజు పిల్లలకు కాస్త తెలుపు, పెళ్లికూతుళ్లకు ఇంకాస్త, చనిపోయిన వాళ్లకు అందరికంటే ఎక్కువ, ఇదీ నా పద్ధతి. పోయినవాళ్లు వచ్చి అడగరు కదా అన్న ధైర్యం. మాకు ఎక్కువగా వచ్చేవి ఆ చివరి రకమే. ఉద్దానం ఊళ్లలో కిడ్నీ జబ్బు ఇంటింటికీ తిరుగుతోంది, పెద్దకార్యం రోజున ఊరి మొగదల్లో కట్టే శ్రద్ధాంజలి ఫ్లెక్సీ మా మిషను నుంచే దిగేది. దీపం, తామరపువ్వు, మబ్బులు ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి, ముఖం ఒక్కటీ మార్చేవాణ్ణి. రోజూ పోయినవాళ్ల ముఖాలు దిద్దుతూ ఈల వేసుకునేవాణ్ణంటే ఇప్పుడు నాకే నమ్మబుద్ధి కాదు.

తెర మీద రాకుమారుల్లా ఉన్నవాళ్లు మిషను నుంచి దిగేసరికి ఇటుక రంగులో ఉండేవారు. మా మానిటర్ అంతకుముందు ఓనరు ఇంట్లో సినిమాలు చూడ్డానికి వాడినది. వెలుగు నిండుగా పెట్టి ఉండేది, పైగా కాస్త నీలం. ముఖాలు నీలంగా ఉన్నాయని నేను ఎరుపు పెంచేవాణ్ణి. మానిటర్ నీలం షాపులోనే ఉండిపోయేది, నా ఎరుపు ఊరికి వెళ్లేది. ఒకసారి చేపలు పట్టే ఊరి కుర్రాళ్ల జాతర ఫ్లెక్సీకి వెనక సముద్రం పెడితే, తెర మీద నిగనిగలాడిన నీలం కాస్తా ప్రింటులో వంకాయ రంగుకి తిరిగింది. "ఏటి బావా, మేం వంకాయ మడిలోకి వేటకెల్తామేటి?" అని అడిగి, ఆ కుర్రాళ్లు దాన్ని జాతరకు కట్టకుండా వలల మీద కప్పుకున్నారు. తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, మిషను నాలుగు ఇంకులతో వేస్తుంది, వెలుగులో ఉన్న కొన్ని రంగులు ఇంకుల్లో ఉండనే ఉండవు, అందుకని తెరకు పనికొచ్చే ఆర్జీబీలో కాకుండా ఇంకులకు సరిపడే సీఎంవైకేలో చూసుకుంటూ పని చెయ్యాలి. ఇదంతా సెంటర్లో చెప్పే ఉంటారు. ఆ రోజు నేను సినిమాకి వెళ్లి ఉంటాను. ఓనరు సిద్ధాంతం ఇంకా సులువు: "తెర మీద ఒప్పించీ. ప్రింటు దిగీసరికి టీకెల్లిపో."

అలా టీకి వెళ్లడానికి వీల్లేకుండా చేసినవాడు వాయిదా మావ. వజ్రపుకొత్తూరు వైపు మనిషి. ఒకప్పుడు సముద్రంలో వేటకెళ్లేవాడు. జబ్బు చేశాక డయాలసిస్‌కి పలాస వచ్చి, అదయ్యాక తమ్ముడి ఆటో వచ్చేదాకా మా షాపు మెట్ల మీద కూర్చునేవాడు. "ఎలా ఉంది మావా?" అంటే "వాయిదా పడ్డాదిరా" అనేవాడు. ఆ పేరే ఉండిపోయింది. ఒకనాడు లోపలికొచ్చి, కుర్చీ లాక్కుని, "నా బొమ్మ సేసీసి ఉంచు" అన్నాడు. ఏ బొమ్మ అని అడిగితే గోడకు ఆరేసిన శ్రద్ధాంజలి వైపు గెడ్డం ఎత్తి చూపించాడు.

ఓనరు అదిరిపడ్డాడు. "బతికున్నోడికి దండేసీమంటావేటి మావా? తప్పు కాదేటి?"

"దండ తరవాతెయ్యి. ముందు మొగం సూడు. మా అన్న బొమ్మ మీరే సేసినారు. మా ఒదిన రోజూ దాని కిందనుంచే ఎల్తాది, ఒక్కనాడు తలెత్తి సూడదు. అడిగితే, ఎవులో ఎర్రటి షావుకారుని ఏలాడదీసినారు, పరాయి మగోడ్ని నానెందుకు సూడాల, అంటాది." మావ నవ్వాడు. కానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. "నాకొక పిల్లుంది. అది నా బొమ్మ కిందనుంచి అలగ ఎల్లిపోకూడదు. అంతే నాక్కావలిసింది."

ఆ షావుకారు నా చేతి చలవే. మానిటర్ తుడుస్తూ కూర్చున్నాను.

మావ మంచిగా ఉన్నప్పటి ఫొటో ఒకటి ఉంది గానీ వానకు తడిసి, గులాబీ రంగు మరకలు పట్టింది. ముక్కూ కళ్లూ తెలుస్తున్నాయి, ఒంటి రంగు మాత్రం పోయింది. ఎదుట కూర్చున్న మావ రంగు చూద్దామంటే అది జబ్బు రంగు. నలుపు మీద బూడిద చల్లి, ఆ పైన పసుపు రాసినట్టుండేది. "నాది మా తమ్ముడు రంగేరా, ఇద్దరం ఒక్క పెనం మీద కాలినోలం" అన్నాడు. ఇక చూడండి. ఆటో తమ్ముడు వచ్చినప్పుడల్లా చొక్కా చెయ్యి మడిచి మానిటర్ పక్కన మోచెయ్యి ఆనించడం, నేను దాన్నీ తెరనీ మార్చి మార్చి చూడడం. (ప్రయాణికులు బయట ఆటోలో కూర్చుని మా ముగ్గురినీ తిట్టుకునేవారు.) వెలుగు తగ్గించాను, నీలం తగ్గించాను, సీఎంవైకేలోకి మార్చాను. తెర కళ తప్పిందని ఓనరు గోల. "దీపం కొండెక్కినట్టున్నాది. గిరాకీ ఎవులొస్తారు?"

వేరే ఫ్లెక్సీల అంచుల్లో మిగిలే జాగాలో మావ ముఖాన్ని చిన్న ముక్కలుగా వేసి చూసేవాణ్ణి. ఒకదాంట్లో పచ్చకామెర్లు, ఒకదాంట్లో మాడిన జీడిపప్పు. మావ ఒక్కోటీ పట్టుకుని రోడ్డు మీదికి వెళ్లేవాడు. "నన్ను ట్యూబులైటు కింద కడతారేటి? ఎండలో గదా." ఎండలో చూస్తే లోపల బాగున్నది కూడా తేలిపోయేది. ఇద్దరం మళ్లీ లోపలికి వచ్చేవాళ్లం. మధ్యమధ్య ఆయన రాని రోజులు ఉండేవి. అటువంటప్పుడు మెట్ల వైపు చూడబుద్ధేసేది కాదు, ఈల కూడా వచ్చేది కాదు.

చివరికి ఒక ముక్క కుదిరింది. ఎండలో తమ్ముడి చేతి మీద పెడితే ఎక్కడ చెయ్యి ఆగిందో ఎక్కడ ప్రింటు మొదలైందో తెలియలేదు. మావ దాన్ని చాలాసేపు చూశాడు. "ఈడెక్కడికి ఎల్లిపోనాడురా ఇన్నాలూ" అన్నాడు మెల్లగా. నాకు గర్వంతో ఛాతీ పొంగిపోయింది.

బడికి సెలవేమో, ఆ రోజు కూతురు కూడా ఆటోలో వచ్చింది. అప్పుడప్పుడే బడికి వెళ్తున్న పిల్ల. నేను ఊరుకోవచ్చు కదా. తగుదునమ్మా అని ఆ ముక్క పట్టుకెళ్లి, "ఇదెవరో చెప్పు?" అన్నాను.

"సిన్నాన్న" అంది, తడుముకోకుండా.

"సరిగ్గా చూడమ్మా. మీ అయ్య."

"అయ్య ఇలగుండడు." పిల్ల నా అమాయకత్వానికి జాలిపడినట్టు చూసి, మెట్ల మీద కూర్చున్న మావ చెంప మీద వేలు పెట్టింది. "అయ్య ఇలగుంటాడు."

తమ్ముడు ఆటో అద్దం తుడవడం మొదలెట్టాడు. ఆ పిల్ల పుట్టేసరికే మావకు జబ్బు పట్టింది. వేటకెళ్లే నల్లటి నిగనిగల మనిషిని దానికి ఎవరూ చూపించలేదు, ఇక చూపించలేరు కూడా. నేను నెలల తరబడి వెతికి పట్టుకున్న రంగు మావని ఎరిగిన వాళ్లందరికీ మావదే, ఆ పిల్లకు మాత్రం కాదు. మావ మొదట నవ్వాడు, నవ్వుతూ నవ్వుతూ దగ్గులో పడ్డాడు, దగ్గు ఆగాక కళ్లు తుడుచుకున్నాడు. ఆ తడి నవ్వుదో దగ్గుదో నేను అడగలేదు.

"అయితే అదే వెయ్యిరా. దానికి తెలిసినోడ్నే ఏలాడదీ."

గుమ్మం దగ్గర వెలుతురులో కుర్చీ వేయించుకుని మావ కూర్చున్నాడు. ఫొటో కొత్తగా తీశాను. ఎదురుగా మనిషిని పెట్టుకుని రంగు కలపడం నా జన్మలో అదే మొదలు, అదే ఆఖరు. మూడు మోతాదుల తెలుపుకి అలవాటుపడిన చెయ్యి వెలుగు పెంచడానికే పోయేది. కళ్ల కింద నలుపు తగ్గించబోయేది. మావ గుమ్మంలోంచే కనిపెట్టేసేవాడు.

"సెయ్యి ఆపు. నన్ను బాగు సేసీకు. డాక్టర్ల వల్లే అవ్వలేదు, నీ వల్ల ఏటవుద్ది?"

ఆపాను. బూడిద బూడిదగానే ఉంచాను, పసుపు పసుపుగానే. పూర్తయ్యాక ఆ ముక్క పిల్లకి చూపిస్తే "అయ్య" అని, ఇంత చిన్న విషయానికి ఇంత హడావుడి ఎందుకో అర్థంకాక, ఆటో హారను నొక్కడానికి పరిగెత్తింది.

వానలు పడ్డాక ఒకనాడు తమ్ముడు ఒక్కడే వచ్చి, "ఆ ఫైలు తియ్యి" అన్నాడు. ఆ రోజు మిషను దగ్గర ఓనరే నిలబడ్డాడు, టీకి వెళ్లలేదు. పెద్దకార్యానికి నేనూ ఆ ఊరు వెళ్లాను. కొందరు గొణిగారు: పోయినోడ్ని కాస్త తెల్లగా సెయ్యలేకపోనారేటి, ఆస్పత్రిలో ఉన్నట్టే ఉన్నాడు గదా అని. మావ కూతురు ఇంకో పిల్లని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, ఫ్లెక్సీ కింద నిలబెట్టి, తలెత్తి చూపించి "మా అయ్య" అంది. నాకు ఏడుపొచ్చింది. కొబ్బరిచెట్ల చాటుకి వెళ్లి ఏడ్చాను.

ఇప్పుడు టెక్కలిలో నాకు సొంత షాపుంది. రంగులు కొలిచే పరికరం కూడా కొన్నాను. మానిటర్ మీద పెడితే అదే చూసుకుని అదే సరిచేస్తుంది. అయినా అది సరే అన్నాక నేను మావ ఫైలు ఒకసారి తెరుస్తాను. మావ జబ్బుగా కనిపిస్తే మానిటర్ నిజం చెబుతున్నట్టు. ఆరోగ్యంగా కనిపిస్తే అబద్ధమాడుతున్నట్టు. ఇన్నేళ్లలో ఈ పరీక్ష తప్పలేదు.

మొన్న ఒక ఖరీదైన మానిటర్ వచ్చింది. పరికరం పెట్టకముందే, ఎందుకో, ముందు మావని తెరిచాను. కొత్త తెర, వెలుగు నిండుగా ఉంది, ఎరుపు కాస్త ఎక్కువ. మావ చెంపలు నిగనిగలాడుతున్నాయి, అప్పుడే వేట నుంచి తిరిగొచ్చి భోజనానికి కూర్చున్నట్టున్నాడు. ఎంత ఎరుపు తగ్గించాలో చూడగానే తెలిసిపోయింది. చెయ్యి మౌసు దాకా వెళ్లింది. అంతలో మా పాత ఓనరు సిద్ధాంతం గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకుని, మానిటర్‌ని అలాగే ఉంచి టీకి వెళ్లిపోయాను.