అబ్బయ్య మెడ బెల్టు

మా పక్కింటి అక్క పోయింది. ఆ మాట ఫోనులో విన్నప్పుడు నా ఒళ్లో మనవరాలు ఉంది. నాయుడుపేటలో మా అమ్మాయి అత్తగారింట్లో ఆ రోజు పాపకి అన్నం ముట్టిస్తున్నారు. పాప పాయసాన్ని నాలుకతో చప్పరించి మొహం అదోలా పెడితే అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. ఈ వయసులో అంత సంతోషం వస్తే దాచుకోవడం నాకు చేతకాదు. అప్పుడు మోగింది ఫోను. చేసింది మా ఊరి పడవ ఓనరు.

"మామా, అక్క పోయింది. పొద్దన చేపలు కడగతా కడగతా మెట్టు మీదనే ఒరిగిపోయింది. కుక్క ఎవురినీ దగ్గరికి రానీడంలా. నువ్వొస్తేగానీ గాదు."

పాపను అమ్మాయి చేతికిచ్చి బస్సెక్కాను. దారి పొడవునా నా చొక్కాకి పాప కార్చిన పాయసం వాసన వస్తూనే ఉంది. అంత తీపి వాసనలో అంత దుఃఖం నేనెప్పుడూ పడలేదు.

మా అమ్మాయే నన్ను ఇది రాయమంది. నేను చదివింది తక్కువ, సముద్రం మీద గడిపింది ఎక్కువ. ఇప్పుడు ఒడ్డున కూర్చుని వలలు బాగుచేస్తుంటాను. "నాన్నా, పక్కింటి అత్త సంగతి నీకంటే ఎవరికి తెలుసు, నువ్వే రాయి" అంది. అందుకని రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

అక్కకీ నాకూ రక్తసంబంధం లేదు. మా రెండిళ్లకీ మధ్య పాత వల ఒకటి దడిగా కట్టి ఉంటుంది, అంతే. ఆమెకి భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. మా ఆవిడ పోయిన తరువాత దడి అవతల నుంచి పొద్దుగూకే వేళ ఒక కేక వచ్చేది. "అబ్బయా, అన్నం తిన్నావా?" మా నెల్లూరు వైపు చిన్నవాళ్లని అలాగే పిలుస్తారు. తల నెరిసినా ఆమెకి నేను అబ్బయ్యనే. తరువాత కుక్క వచ్చింది. దానికీ ఆ పేరే పెట్టింది. ఇక ఆమె కేక వేస్తే కుక్కా నేనూ ఇద్దరం తల తిప్పేవాళ్లం. "మీ ఇద్దరిలో మాట వినేది ఎవురో నాకింకా తేలలా" అనేది అక్క.

ఆ కుక్క ఒక తుపాను వెలిసిన తరువాత దొరికింది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన విరిగిన పడవకి నైలాను తాడుతో కట్టేసి ఉంది. లాక్కుని లాక్కుని తాడు మెడలో దిగిపోయింది. అక్క చేపలు కోసే కత్తితో తాడు తెంపి ఇంటికి తెచ్చుకుంది. పుండు మానింది గానీ మెడ చుట్టూ వెంట్రుక లేని చార ఉండిపోయింది. భయమూ ఉండిపోయింది. టపాకాయ పేలితే, డప్పు మోగితే, పడవ ఇంజను ఉన్నట్టుండి దగ్గితే చాలు, ఎదురుగా ఎవరుంటే వాళ్ల మీదికి పోయేది. ఒకసారి వల మోసుకుపోతున్న మనిషి పిక్క పట్టుకుంది. అతను సూదులు వేయించుకుని బయటపడ్డాడు. ఊరి పెద్దలు వచ్చి, "దీన్ని ఎక్కడన్నా దూరంగా వదిలేసి రా అక్కా" అని చెప్పిపోయారు.

సరిగ్గా అప్పుడే మా అమ్మాయి నీళ్లోసుకుంది. ఎన్నేళ్లు ఎదురుచూసిన కబురో చెప్పలేను. ఆ పొద్దు నేను వల కుట్టలేక సూది పక్కన పెట్టి, కనపడిన ప్రతి మనిషికీ చెప్పుకున్నాను. కానీ వియ్యపురాలు ఫోను చేసింది. "అన్నయ్యా, పురుటికి పుట్టింటికి పంపించడం మాకూ ఇష్టమే. పక్కింట్లో కరిచే కుక్కని పెట్టుకుని పసిబిడ్డని ఎట్టా పంపేది?" అని అడిగింది. ఆమె అన్నదాంట్లో తప్పేముంది? బిడ్డ రావాలి. రావాలంటే కుక్క పోవాలి. ఆ మాట అక్కతో ఎలా అనడం?

నేను అనకముందే అక్కకి తెలిసిపోయింది. దడి దగ్గరికి వచ్చి నిలబడింది.

"పురుడు ఎవురు పోస్తారు? నేనే పొయ్యాల. బిడ్డ రావాల."

"మరి కుక్క అక్కా?"

"అబ్బయ్య పోకూడదు. రెండూ గావాల నాకు."

"రెండూ ఎట్టా కుదురుతాయి?"

"కుదరకపోతే నువ్వు పో. ఇల్లు ఖాళీ అవుతాది" అని నవ్వి, చెంగుతో కళ్లు తుడుచుకుంటూ లోపలికి పోయింది.

దారి చూపించింది మా అమ్మాయే. నెల్లూరులో పశువుల డాక్టరును అడిగి తెలుసుకుందట. కుక్కల కోసం ఒక మెడ బెల్టు ఉంది. పిల్లలకి పాలిచ్చేటప్పుడు తల్లికుక్క ఒంటి నుంచి ఒక వాసన వస్తుంది. మన ముక్కుకి తెలియదు, కుక్కకే తెలుస్తుంది. అలాంటి వాసన తయారుచేసి బెల్టులో పెడతారు. కుక్క ఒంటి వేడికి అది కొంచెం కొంచెంగా బయటికి వచ్చి దాని బెదురు తగ్గిస్తుంది. నెల రోజులు పనిచేస్తుంది, తరువాత కొత్తది మార్చాలి. డాక్టరు ఇంకో మాట కూడా చెప్పాడట. బెల్టు ఒక్కటే అంతా చెయ్యదు, అన్ని కుక్కలకీ ఒకేలా పనిచెయ్యదు, కరిచే కుక్క విషయంలో మనిషి కూడా ఓపిక పట్టాలి అని.

నేను నెల్లూరు పోయి తెచ్చాను. అక్క దాన్ని రెండు చేతులతో అందుకుంది. నేను కాళ్లు కడుక్కుని వచ్చేలోపల దాన్ని చెంబెడు పసుపు నీళ్లలో ముంచి, పిండి, చేపలు ఎండబెట్టే తాడు మీద ఆరేసింది. మా ఇళ్లలో కొత్త బట్ట ఏదైనా పసుపు ముట్టించకుండా ఒంటి మీద వేసుకోరు. ఆమెకి బెల్టు కూడా ఒంటి మీద వేసుకునేదే కదా. అమ్మాయికి ఫోను చేసి చెప్పాం.

"అత్తా, నీళ్లలో ముంచినావా? మందంతా పోయుంటాది."

"కొత్తది గదమ్మణ్ణీ. పసుపు పెట్టకుండా ఎట్టా కట్టేది?"

"అది తడవకూడదు అత్తా."

"తడవకుండా ఉండేదానికి అదేమన్నా అప్పడమా?"

అమ్మాయి నవ్వు ఫోనులో నుంచి దడి దాటి వినపడింది. మళ్లీ నెల్లూరు పోయి ఇంకోటి తెచ్చాను. ఈసారి అక్క బెల్టును ముట్టుకోలేదు. అది పెట్టి ఉన్న కవరుకి నాలుగు మూలలా పసుపు పెట్టి, దణ్ణం పెట్టుకుని, "ఇంక విప్పచ్చు" అంది.

అసలు కష్టం అక్కడే మొదలైంది. తాడు కోసిన మెడ అది. చెయ్యి మెడ మీదికి పోతే పళ్లు బయటపెట్టేది. అక్క బెల్టును విప్పకుండా కవరులోనే ఉంచి, ముందు తన పాత చీర చెంగు పీలిక ఒకటి ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. కుక్క వైపు చూసేది కాదు, సముద్రం వైపు చూసేది. అది వచ్చి పీలికను వాసన చూస్తే ఎండు రొయ్య పెట్టేది. పీలిక వీపు మీద వేస్తే ఇంకో రొయ్య. భుజం మీదికి జరిపితే ఇంకో రొయ్య. ఎన్ని రోజులు అలా కూర్చుందో నేను లెక్కపెట్టలేదు. "దాని కళ్లల్లోకి సూటిగా జూడొద్దు అబ్బయా. పక్కకి తిరిగి కూసో. భయపడే దానికి మన మొహం గూడా బరువే" అని నాకూ నేర్పింది. ఒక పొద్దున చూస్తే పీలిక దాని మెడలో వదులుగా ఉంది. కొన్నాళ్లకి ఆ చోటులోకి బెల్టు వచ్చింది. అక్క రెండు వేళ్లు బెల్టు కింద దూర్చి చూసి, "ఊపిరాడతా ఉండాదా నాయనా" అని దాన్నే అడిగింది.

ఇంకో చిక్కుంది. సముద్రం ఒడ్డు కుక్క నీళ్లలో దిగకుండా ఉంటుందా? సాయంత్రం పడవలు వస్తుంటే అబ్బయ్య అలల్లోకి పరిగెత్తాల్సిందే. అందుకని అక్క తన గుమ్మం పక్కన గోడకి ఒక మేకు కొట్టింది. సముద్రం వైపు పోయే ముందు బెల్టు తీసి ఆ మేకుకి తగిలించేది. అది తిరిగి వచ్చి దులపరించుకున్నాక పాత తువ్వాలుతో ఒళ్లు తుడిచి, మెడ బాగా ఆరిన తరువాత మళ్లీ పెట్టేది. ఒక్క సాయంత్రం కూడా ఆ పని మానలేదు.

గంగమ్మకి పొంగళ్లు పెట్టిన రోజు డప్పులు మా వీధిలో నుంచే పోయాయి. నేను భయపడి వాకిట్లోకి వచ్చాను. అక్క తలుపు దగ్గరకి వేసుకుని లోపల మంచం మీద కూర్చుంది. అబ్బయ్య మంచం కింద ఉంది. వణుకుతోంది, కానీ మీదికి దూకలేదు, అరవలేదు. ఆమె పాదం మీద మూతి ఆనించి అలాగే ఉంది. డప్పులు దూరమయ్యాక నేను, "భయం పోయింది అక్కా దానికి" అన్నాను.

"పోలా" అంది. "భయం భయమే. భయపడతా గూడా ఒకరి పక్కన కూసోవచ్చని దానికి తెలిసింది. అంతే."

ఆ మాట కుక్క గురించే అందనుకున్నాను. ఇప్పుడు ఒక్కణ్ణీ కూర్చుంటే నాకు చెప్పినట్టే ఉంది.

వియ్యపురాలు ఒకసారి వచ్చి స్వయంగా చూసుకుని, మెత్తబడి, అమ్మాయిని పంపింది. నెల్లూరు ఆసుపత్రిలో పాప పుట్టింది. పాపను మా గుమ్మంలోకి తెచ్చిన పూట నాకు నేల మీద కాలు ఆనలేదు. వీధి వీధంతా పిలిచి చక్కెర పంచాను. అక్క ఆ రోజే దడి మీద ఇంకో రెండు పొరల వల బిగించి కట్టింది. "ఇదేందక్కా, నీకు నీ కుక్క మీద నమ్మకం లేదా" అని ఆటపట్టించాను. "ఉండాది. వల గూడా ఉండాది" అంది. ఎంత నెమ్మదించినా దాన్ని పాప దగ్గరికి ఒక్కసారి కూడా రానివ్వలేదు.

మా పెరట్లో పీట వేసుకుని, కాళ్లు చాపి, కాళ్ల మీద పాపను పడుకోబెట్టి నీళ్లు పోసేది. పాప గుక్కపట్టి ఏడిస్తే మొదట్లో దడి అవతల అబ్బయ్య అటూ ఇటూ తిరిగి మొరిగేది. అక్క తల తిప్పకుండానే, "నీళ్లేరా, ఏం గాదు" అనేది. పాపకి చెప్పిందో కుక్కకి చెప్పిందో. కొన్నాళ్లకి ఆ ఏడుపు వినపడగానే అది వచ్చి వల పక్కన పడుకుని, ముందు కాళ్ల మీద తల పెట్టుకుని వినేది. ఇవతల బిడ్డ, అవతల కుక్క, మధ్యలో అక్క గొంతు. రెండూ కావాలంది. రెండూ దక్కించుకుంది.

పాపకి ఐదో నెలలో అమ్మాయి అత్తగారింటికి వెళ్లింది. అన్నం ముట్టించే రోజుకి అక్కని కూడా రమ్మన్నాను. "దీన్ని ఎవురికి అప్పజెప్పి వచ్చేది? నువ్వు పొయ్యిరా. పాప నాలిక మీద పాయసం బెట్టేటప్పుడు నన్నొకసారి తలుచుకో" అంది. తలుచుకున్నాను. ఆ సంతోషంలో తలుచుకున్నానో లేదో, ఫోను మోగింది.

నేను వచ్చేసరికి జనం దూరంగా నిలబడి ఉన్నారు. అబ్బయ్య ఆమె పాదాల మీద మూతి ఆనించి పడుకుని, ఎవరు కదిలినా గుర్రుమంటోంది. ఎవరో కర్ర తెచ్చారు. వద్దన్నాను. మెట్టుకి కొంచెం ఎడంగా ఇసుకలో కూర్చుని, పక్కకి తిరిగి, సముద్రం వైపు చూస్తూ ఉండిపోయాను. అక్క వైపు చూడాలని ఎంత ఉన్నా చూడలేదు. చాలాసేపటికి నా మోచేతికి తడి ముక్కు తగిలింది. లేచి నడిచాను. నా వెనకే మా ఇంట్లోకి వచ్చింది. అప్పుడు ఆడవాళ్లు వెళ్లి అక్కకి నీళ్లు పోశారు.

పాప ఇప్పుడు బోర్లాపడి పాకుతోందని అమ్మాయి ఫోనులో చూపిస్తుంది. చూసి మురిసిపోతాను. ఫోను పెట్టేశాక ఇల్లు ఇంకా పెద్దదైపోతుంది. పొద్దుగూకుతుంది. అన్నం తిన్నావా అని అడిగే కేక రాదు. ఆ వేళకి అబ్బయ్య చెవులు మాత్రం దడి వైపు లేస్తాయి. నావీ అంతే.

నెల్లూరు నుంచి కొత్త బెల్టు తెచ్చి, కవరుకి పసుపు పెట్టే విప్పాను. మా గుమ్మం పక్కన కూడా ఒక మేకు కొట్టాను. అబ్బయ్య దానివైపు ఒకసారి చూసి వెళ్లిపోయింది. సాయంత్రం సముద్రంలో తడిసి వచ్చి, దులపరించుకుని, తిన్నగా అక్క వాకిట్లోకే పోతుంది. అందుకని తువ్వాలు తీసుకుని, బెల్టు తీసుకుని నేనే అక్కడికి పోతాను. తాళం వేసిన తలుపు ముందు, ఖాళీ మేకు కింద, ఒకప్పుడు ఎవరి చెయ్యీ తగలనివ్వని ఆ మెడను చాచి నిలబడి ఉంటుంది. చూసేది నన్ను కాదు, తలుపుని. ఒళ్లు తుడిచి, మెడ ఆరనిచ్చి, బెల్టు పెట్టి, రెండు వేళ్లు కింద దూర్చి చూస్తాను. తాడు కోసిన చార మీద సన్నగా కొత్త వెంట్రుకలు వస్తున్నాయి, వేళ్లకి మెత్తగా తగులుతున్నాయి. నేను వేళ్లు తీసినా అది మెడ వెనక్కి తీసుకోదు. ఇంకాసేపు అలాగే, తలుపు వైపు చాచి ఉంచుతుంది.