నర్సక్క ఫ్లాస్కులో వేడినీళ్లు

మొన్న కూర్మన్నపాలెం జంక్షన్‌లో మందుల షాపుకి వెళ్లి దగ్గు మందు అడిగితే, కౌంటరు దగ్గరున్న అమ్మాయి సీసా తీయబోయి ఆగి, "పొడి దగ్గా అమ్మా, కఫం వస్తోందా?" అంది. నా వెనక నిలబడ్డాయన దగ్గుకి కూడా ఇన్ని ప్రశ్నలా అని విసుక్కున్నాడు. నాకు మాత్రం ఆ పిల్ల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. ఆ ప్రశ్న నేను మొదటిసారి విన్నది డెబ్బైల చివర్లో, వన్‌టౌన్‌లో మేము అద్దెకున్న ఇంట్లో. అడిగినావిడ పక్క వాటాలో ఉండే నర్సు. నాకు ఏ వరసా కాదు గానీ అక్కా అనే పిలిచేదాన్ని.

అప్పుడు మాది కొత్త కాపురం. మా ఆయన పోర్టులో ఫిట్టరు. గాలి అటునుంచి తిరిగిందంటే ఓడల్లోకి ఎత్తే ఇనుప ఖనిజం దుమ్ము ఊరి మీదకి వచ్చేది. పొద్దున ఆరేసిన తెల్ల పంచె సాయంత్రానికి ఇటుక రంగుకి తిరిగేది. ఎలమంచిలి దగ్గర పల్లెనుంచి మా దగ్గర ఉండటానికి వచ్చిన మా అత్తగారు ఆ పంచె చూసి, "సబ్బు ఆదా సేత్తన్నావేటే?" అంది. మర్నాడు తనే ఉతికి ఆరేసి, సాయంత్రం దులిపి చూసుకుని, ఇంక ఆ మాట ఎత్తలేదు. మంచి మనిషే. పొలంలో మగవాళ్లతో సమానంగా పనిచేసిన చెయ్యి, దాచుకోవడం తెలియని నోరు. పక్కవాటా అక్కతో అరుగు మీద గంటలు గంటలు కబుర్లు చెప్పేది. కానీ ఆ ఇంటి మంచినీళ్లు మాత్రం ముట్టేది కాదు. అక్క వాళ్లు చర్చికి వెళ్లేవాళ్లు. క్రిస్మస్‌కి అక్క కేకు పంపితే "నాకు తీపి పడదు నర్సమ్మా" అంది, నోట్లో బెల్లం ముక్క అలాగే ఉండగా. అక్క నవ్వి ఊరుకుంది. మరుసటిసారి అరటిపళ్లు పంపింది. అవి మాత్రం పడ్డాయి. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

ఆ చలికాలం అత్తగారికి దగ్గు పట్టుకుంది. మిరియాల కషాయం అయింది, శొంఠి అయింది, వాము మూటతో కాపడం అయింది. దగ్గితే బిందె అడుగున గులకరాళ్లు దొర్లినట్టుండేది, ఎంత దగ్గినా ఏదీ బయటికొచ్చేది కాదు. మా ఆయనకి తల్లంటే ప్రాణం. పనిలో ఎవరో "బావా, ఇది రెండు గుక్కలేస్తే దగ్గు నోరెత్తదు" అని చెబితే, పూర్ణా మార్కెట్ దగ్గర ఆ సీసా కొని పట్టుకొచ్చాడు. అత్తగారు మూత తీసి వాసన చూసి, "ఒరే, సారా తెచ్చినావేట్రా?" అని మొహం తిప్పుకుంది. బతిమాలితే చివరికి సీసా ఎత్తి గటగటా తాగింది. నిజంగానే దగ్గు నోరెత్తలేదు. మధ్యాహ్నం, సాయంత్రం, మళ్లీ పొద్దున, అన్నిపూటలా అదే. ఆవిడ అన్నం ముందు కూర్చునే కునుకు తీసేది. ఆయన ముఖంలో గర్వం చూడాలి! నాకే ఎందుకో ఆ నిశ్శబ్దం నచ్చలేదు. దగ్గు లేదు గానీ ఊపిరి తీస్తుంటే లోపల పిల్లి గురక పెట్టినట్టు వినిపించేది. ఒళ్లు కూడా కొంచెం వెచ్చబడింది.

ఆ మధ్యాహ్నం అక్క డ్యూటీ దిగి వస్తూ మా గుమ్మం దగ్గర ఆగిపోయింది. ఆ ఊపిరి చప్పుడు వీధిలోకే వినపడుతోంది మరి. లోపలికొచ్చి, అత్తగారి చెయ్యి పట్టుకుని నాడి చూసి, "పొడి దగ్గా, కఫం దగ్గా?" అని నన్నడిగింది. దగ్గుల్లో రకాలుంటాయని నాకేం తెలుసు? సీసా చూపించాను. చదివి, తల అడ్డంగా ఊపింది. "ఇది దగ్గుని నిద్రపుచ్చే మందమ్మా. పొడి దగ్గుకైతే సరే. కఫం ఉన్నోళ్లు దగ్గాలి, లేకపోతే అదంతా రొమ్ములోనే కూకుంటాది. పద, రిక్షా పిలు" అంది. బట్టలైనా మార్చుకోకుండా మాతో ఆస్పత్రికి వచ్చింది. డాక్టరుగారు వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విని, ఊపిరితిత్తుల్లో నెమ్ము మొదలైందని, ఇంకాస్త ఆలస్యం చేస్తే కష్టమయ్యేదని అన్నారు. అత్తగారు ఇంకేమైనా మందులు వాడుతోందా, బీపీ ఉందా అని అడిగి, ఇంజెక్షన్లు రాసి, వాటితోపాటు కఫాన్ని కరిగించి బయటికి తెచ్చే సిరప్పు ఇచ్చారు.

అసలు యుద్ధం ఇంటికొచ్చాకే. కొత్త మందు పడగానే దగ్గు తగ్గలేదు సరికదా, రెట్టింపైంది. "మందు తాగితే దగ్గు పెరుగుతాదేటే? ఆ నర్సమ్మ నన్ను సంపేత్తాది" అని అత్తగారు ఏడుపు. తల్లి బాధ చూడలేక మా ఆయన పాత సీసా చేతిలోకి తీసుకున్నాడు. ఆ ఇంట్లో నేను గొంతెత్తింది అదే మొదటిసారి. "వద్దు! రెండూ కలిపితే ఒకటి లాగుతుంది, ఒకటి తొక్కుతుంది. అక్క చెప్పింది" అన్నాను. ఆయన నా వైపు చూసి, సీసా కింద పెట్టాడు.

అక్క వచ్చి, సిరప్పు సీసా మీదున్న చిన్న మూతలో గీత దాకా పోసి చూపించింది. వంటింటి గరిటెతో కొలవొద్దంది, బాధ ఎక్కువగా ఉందని ఎక్కువ పోయొద్దంది. "మందొక్కటే సాలదమ్మా. వేడినీళ్లు తాగుతూ ఉండాల, అప్పుడే కఫం పలచబడతాది" అంది. సరిగ్గా ఆ పూటే మా స్టవ్‌లో కిరసనాయిలు అయిపోయింది. అక్క వెళ్లి తన ఫ్లాస్కు తెచ్చి, గ్లాసులో నీళ్లు ఒంపి, మంచం పక్కన పట్టుకుని నిలబడింది. ఆవిరి లేస్తోంది. అత్తగారు ఆ గ్లాసు వైపు చూసింది, అక్క ముఖం చూసింది. అత్తగారి నోట ఒక్క మాట జారితే ఆ అక్క ముందు ఇంకెప్పుడూ తలెత్తలేను.

దగ్గు తెర మళ్లీ వచ్చింది. అది తగ్గాక అత్తగారు రెండు చేతులూ చాచి గ్లాసు అందుకుంది. మెల్లగా, ఊదుకుంటూ తాగింది. ఖాళీ గ్లాసు తిరిగిస్తూ, "ఇంకో కూసింత పొయ్యి, అమ్మా" అంది. నర్సమ్మా అనలేదు. అక్క పోసింది.

వీపు మీద అక్క అరచేయి దొప్పలా చేసి తడుతుంటే, కాసేపటికి కఫం తెగి బయటపడటం మొదలైంది. అక్క పళ్లెం పట్టుకుని, రక్తపు జీర ఏమైనా ఉందేమో చూసింది. లేదు. జ్వరం తగ్గింది, ఆయాసం పోయింది, ఓ పొద్దున అత్తగారు కంచం లాక్కుని చేపల పులుసు అడిగింది. తరవాత అరుగు మీదకొచ్చి ఎవరు దగ్గినా "పొడా, కఫమా?" అని నిలదీసేది. మిగిలిన సిరప్పు ఎదురింటి చంటిదానికి పట్టబోతే అక్కే ఆపింది: పసిపిల్లలకి డాక్టరు చెప్పనిదే చుక్క కూడా పట్టకూడదని, ఒకరి మందు ఇంకొకరికి పనికిరాదని. అత్తగారు బుద్ధిగా తలూపింది. ఆ తరవాత వచ్చిన క్రిస్మస్‌కి కేకు అందరికంటే ముందు తనే తుంచుకుంది.

మా అత్తగారు ఆ తరవాత చాలా ఏళ్లు బతికింది, నా పిల్లల్ని తన చేతుల మీద పెంచింది. ఆ ఏళ్లన్నీ అక్క మాకిచ్చినవేనని అనుకుంటాను. ఆవిడకి బదిలీ అయింది, మేము స్టీలు ప్లాంటు వైపు మారిపోయాం, తరవాత జాడ తెలియలేదు. ఇప్పుడు ఆవిడకి ఎన్నేళ్లుంటాయో లెక్క కట్టబోయి మానేస్తాను. నా కళ్ల ముందు ఆవిడ ఇంకా అదే వయసులో నిలబడి ఉంది. నేనే నడిచి నడిచి, ఎప్పుడు దాటానో తెలియకుండానే, మా అక్క కంటే పెద్దదాన్నైపోయాను.