కొబ్బరి నీళ్ళలో తడిసిన రెండు హార్డ్ డిస్కులు

2020లో మొదటి లాక్‌డౌన్ సడలించాక, సూరత్‌లో దిండోలీకి వెళ్ళే దారిలో ఉన్న మా చిన్న కంప్యూటర్ దుకాణం షట్టర్ మళ్ళీ లేచింది. అంతకుముందు చార్జర్లు, కీబోర్డులు, మెమరీ కార్డులు అమ్ముకుని తృప్తిగా ఉన్నదాన్ని. ఆ రోజుల్లో వచ్చిన వాళ్ళందరూ ఒకటే అడిగారు: వైఫై. పిల్లల బడి ఇంట్లోకి వచ్చేసింది, పెద్దవాళ్ళ ఆఫీసు ఇంట్లోకి వచ్చేసింది. ఏ రౌటర్ మంచిది, ఫైళ్ళు ఎక్కడ దాచాలి అని రోజంతా చెప్పడమే పని.

నేను బడికి వెళ్ళి చదివినదాన్ని కాదు. మా నాన్న మగ్గాల కార్ఖానాలో పనిచేస్తూ ఇంటి దగ్గర రేడియోలు, టీవీలు బాగుచేసేవాడు. అక్షరాలు పూజ పుస్తకాల్లో నేర్పించాడు, కరెంటు సంగతి విప్పిన టీవీ ముందు కూర్చోబెట్టి నేర్పించాడు. ఈ రోజు నాలుగు వేళ్ళు నోట్లోకి పోతున్నాయంటే ఆయన పెట్టిన భిక్షే. దేవుడికి దండం పెట్టుకున్న ప్రతిసారీ ఆయన్నీ తలుచుకుంటాను.

రాజేశం అన్న ఆ రోజుల్లోనే దుకాణానికి వచ్చాడు, కూతురు శ్రావణిని వెంటబెట్టుకుని. ఉండేది మా తెలుగు నేతవాళ్ళు ఎక్కువగా ఉండే నవాగామ్‌లో. ఆయన చీరల డిజైనర్. జకార్డ్ మగ్గానికి ఏ దారం లేవాలో, ఏ దారం దిగాలో చెప్పే బొమ్మ గీయడం ఆయన పని. మొదట్లో గళ్ళ కాగితం మీద పెన్సిలుతో గీసేవాడు, తర్వాత కంప్యూటర్ నేర్చుకున్నాడు. కార్ఖానా మూతపడ్డాక పనంతా ఇంట్లోకి తెచ్చుకున్నాడు.

"చెల్లె, గా ఎనిమిది కొమ్ములది ఇయ్యి," అన్నాడు అద్దాల బీరువా వైపు చూపిస్తూ. కొమ్ములంటే యాంటెనాలు.

"అంత పెద్దది మీకెందుకన్నా? ఇల్లు ఎంతుంటది?"

"ముందొక రూం, ఎనక వంట. మీద రేకుల రూం."

"బాపూ, కొమ్ములెక్కువుంటే పాలెక్కువిస్తదా ఏంది?" అంది శ్రావణి. నా కన్నా ముందు ఆయనే నవ్వాడు.

నేను ఇంటికి వెళ్ళి చూడకుండా రౌటర్ ఇవ్వను. గోడలు చూడాలి, కరెంటు చూడాలి, ఎవరు ఎక్కడ కూర్చుంటారో చూడాలి. వాళ్ళ ఇల్లు చూశాక రెండు బ్యాండ్ల మామూలు రౌటర్ చాలనిపించింది. 2.4 బ్యాండ్ నెమ్మదిగా నడుస్తుంది కానీ గోడలు దాటుతుంది. 5 బ్యాండ్ పరుగెత్తుతుంది కానీ గోడ వస్తే ఆగిపోతుంది. డిజైన్ ఫైళ్ళు బరువైనవి కాబట్టి కంప్యూటర్‌కి గాలిలో కాకుండా లాన్ కేబుల్, అంటే నేరుగా తీగ, వేశాను. కరెంటు పోయినా రౌటర్‌ని కాసేపు బతికించే చిన్న యూపీఎస్ ఒకటి పెట్టాను.

రాజేశం అన్న భార్య సత్తెమ్మ వదిన ఆ రౌటర్‌ని దేవుడి గూట్లో పెట్టమంది. "దీపం లెక్క ఎప్పుడూ ఎలుగుతనే ఉంటదంటివి గదా. ఆడనే ఉండనియ్యి."

ఆ మాట నాకెంత నచ్చిందో చెప్పలేను. కానీ ఆ గూటికి స్టీలు తలుపులు, లోపల ఇత్తడి పళ్ళేలు, వెనక అద్దం. లోహానికీ అద్దానికీ ఈ సిగ్నల్ పడదు. "వదినా, దేవుడు అన్ని గోడలూ దాటుతడు గని, ఇది దాటదు," అన్నాను. గుమ్మం పైన ఎత్తుగా బిగించాను. ఆమె కింద నిలబడి దానికీ ఒక దండం పెట్టింది.

ఇక దాచుకునే సంగతి. రాజేశం అన్న ఎవరో చెప్పగా విని నాస్ అడిగాడు. నాస్ అంటే తన సొంత డిస్కులతో రౌటర్‌కి అతుక్కుని ఉండే పెట్టె. ఇంట్లో అందరూ అందులోంచి ఫైళ్ళు తీసుకోవచ్చు. ఒక్క కంప్యూటర్ ఉన్న ఇంటికి అది అక్కర్లేదు. రెండు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులు ఇచ్చాను. బ్యాకప్‌కి మా పనిలో ఒక సూత్రం ఉంది: మూడు కాపీలుండాలి, అందులో ఒకటి వేరే ఇంట్లో ఉండాలి. కంప్యూటర్‌లో ఒకటి, బీరువాలో ఒకటి, ఆల్థాన్‌లో ఉన్న సత్తెమ్మ వదిన తమ్ముడి దగ్గర ఒకటి. దొంగలు పడ్డా, నీళ్ళొచ్చినా, నిప్పంటుకున్నా మూడూ ఒకేసారి పోవు. అలా చెప్పి వచ్చాను.

మరుసటి ఏడు రెండో వేవ్‌లో రాజేశం అన్నని ఆసుపత్రిలో చేర్చారు. ఆ వారాల్లో ఈ ఊరు ఎలా ఉండిందో చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆయన గట్టెక్కాడు, కానీ ఆక్సిజన్ పెట్టుకునే వార్డులో ఉన్నాడు. డిజైన్ల పని శ్రావణి మీద పడింది. తండ్రి దగ్గర కూర్చుని నేర్చుకున్న పిల్ల, చెయ్యి మంచిది, అనుభవం లేదు.

అప్పుడే రెండు సంగతులు కలిసి వచ్చాయి. కరెంటు ఎక్కువ తక్కువలకి కంప్యూటర్‌లోని డిస్క్ కాలిపోయింది. ఆ వారమే వాళ్ళకి పనిచ్చే సేఠ్ ఫోన్ చేశాడు. కొత్త మషీన్లు సోమవారం మొదలవుతాయి, రాజేశం అన్న పాత బార్డర్ డిజైన్లు కావాలి. కొత్త మషీన్లు ఫైలు చూసి నేస్తాయి; పాత మగ్గాలకి డిజైన్ చెప్పే చిల్లుల అట్టలు ఎప్పుడో తూకానికి పోయాయి. "బేటా, అవి లేకపోతే నేను వేరే డిజైనర్‌తో మొదలుపెట్టాలి. మొదలుపెడితే ఆయనతోనే నడుస్తుంది," అన్నాడట. చెడ్డమనిషి కాదు, వ్యాపారం అది. ఆ పని పోతే ఆ ఇంటికి ఇంకో పని లేదు. మంచం మీదున్న మనిషి లేచి వచ్చాక కూర్చోవడానికి కుర్చీ ఉండదు.

నేను కొత్త డిస్క్ వేసి కంప్యూటర్ పొద్దున్నే పంపించాను. మధ్యాహ్నం వచ్చి బ్యాకప్‌లోంచి అన్నీ ఎక్కిస్తానన్నాను. ఏ డిస్క్‌లో కొత్తవి ఉన్నాయో చూడాలని శ్రావణి ఆల్థాన్ నుంచి మామ దగ్గరిది కూడా తెప్పించింది. అది తప్పు కాదు, రెండూ చూడాల్సిందే.

నేను వెళ్ళేసరికి ఇల్లంతా ఊదుబత్తి వాసన. సత్తెమ్మ వదిన ముఖం కడిగిన ముత్యంలా ఉంది.

"రా పద్మా, పూజ అయింది. ఇగ చాలూ చెయ్యి."

మా నేతవాళ్ళ ఇళ్ళల్లో మగ్గం కొత్తగా మొదలుపెడితే పసుపు, కుంకుమ పెట్టి, దాని మీదే కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు చిలకరించి గానీ అడ్డపోగు వేసే నాడె తియ్యం. వాళ్ళకిప్పుడు మగ్గం ఆ కంప్యూటరే. కానీ దాని మీద నీళ్ళు పడకూడదని వదినకి తెలుసు. అందుకని జాగ్రత్తపడింది. కంప్యూటర్‌కి గుడ్డ కప్పింది. డిస్కులు రెంటినీ ఇత్తడి పళ్ళెంలో పెట్టి వాటి మీద కొట్టింది. శ్రావణి తగిలించిన తీగలు అప్పటికి అలాగే ఉన్నాయి, లైట్లు వెలుగుతూనే ఉన్నాయి.

పళ్ళెంలో పసుపు నీళ్ళు. అందులో రెండు డిస్కులు. ఇప్పుడు లైట్లు లేవు. ముక్కుకి సన్నగా కాలిన వాసన.

నేను తీగలు పీకి, వాటిని తుడిచి తలకిందులుగా పెట్టాను. మళ్ళీ ఎవరూ కరెంటు ఇవ్వొద్దన్నాను. హార్డ్ డిస్క్ లోపల రేకు తిరుగుతుంటుంది, దుమ్ము తగిలినా పాడవుతుంది, దాన్ని నా దుకాణంలో విప్పకూడదు. అలాంటివి విప్పే ల్యాబులు ఆ నెలలో మూసి ఉన్నాయి. ఇవన్నీ చెబుతుంటే శ్రావణి గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయింది.

"నేనే ముంచిన్నా, పద్మా?" అంది వదిన.

"కొబ్బరికాయ కొట్టకుండ మన ఇళ్ళల్ల ఏ పని మొదలైంది వదినా?" అన్నాను. ఓదార్పు కోసం అన్నది కాదు. నేనైనా ఏదో ఒకటి కొట్టి ఉండేదాన్నే.

అప్పుడే ఆసుపత్రి నుంచి రాజేశం అన్న వీడియో కాల్. శ్రావణి దాచిపెట్టాలని చూసింది, చేతకాలేదు.

"బాపూ, డిజైన్లు పొయినయి. రెండు డిస్కులూ పొయినయి. అవ్వ కొబ్బరికాయ కొట్టింది."

తెర మీద ఆయన ముఖం, ముక్కుకి గొట్టం. వెనక ఆక్సిజన్ బుడబుడ. ఆయన అన్నాడు, ఒక్కో మాటకీ ఆగుతూ:

"మీ అవ్వనడుగు బిడ్డా. మొదటి మూర... ఏడున్నదో."

వదిన తలెత్తింది. "అవి దేవునియి," అంది.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి, ఆయన గీసిన ప్రతి కొత్త డిజైన్‌కి మగ్గం మీంచి దిగిన మొదటి మూరెడు గుడ్డ దేవుడికి ఇచ్చేది. మూలకి కుంకుమ బొట్టు పెట్టి, గూటి కింద రేకు పెట్టెలో పెట్టేది. పెట్టాక మళ్ళీ ముట్టలేదు. అది తమదని ఎన్నడూ అనుకోలేదు కాబట్టి గుర్తుకే రాలేదు.

"ఇచ్చినయి ఎట్ల దీస్కుంట? ఆయన పానం కూడ గా దేవుని చేతులనే ఉన్నది," అంది. భయపడుతోంది. ఆ భయం నాకు తెలుసు.

"గుళ్ళ అమ్మవారికి కట్టిన చీరని కండ్లార చూస్తం గదా వదినా. చూస్తే తీస్కున్నట్టా? చూసి, మళ్ళ ఆడనే పెడదం."

ఆమె లోపలికి వెళ్ళి తలమీద నీళ్ళు పోసుకుని, తడి జుట్టుతోనే వచ్చి పెట్టె మూత ఎత్తింది.

నా పనిలో డిస్కులు చాలా చూశాను. తెరిస్తే ఫైళ్ళ పేర్లు వరసగా కనిపిస్తాయి, అంతే. ఆ పెట్టె తెరిచినప్పుడు కర్పూరం వాసన ముందు వచ్చింది. ఆ వెనక రంగులు. నెమళ్ళు, మామిడి పిందెలు, గొలుసులు, తామరలు, పొరమీద పొర. అడుగున ఉన్నవి ఆయన పెన్సిలుతో గీసిన కాలానివి. జరీ కాస్త మసకబారింది తప్ప ఒక్క పోగు చెదరలేదు. ఒక మనిషి ఆయుష్షంతా మడత పెట్టి ఉంది అక్కడ. నాకు తెలియకుండానే చేతులు జోడించాను.

తర్వాత పని మొదలైంది. శ్రావణి పిక్ గ్లాస్, అంటే దారాలు లెక్కపెట్టే చిన్న భూతద్దం, గుడ్డ మీద పెట్టింది. నేను ఫోన్ కెమెరాని ఆ అద్దం మీద పట్టుకున్నాను. రౌటర్ గుమ్మం మీదే ఉంది కాబట్టి 5 బ్యాండ్ నిండుగా అందింది. అక్కడ వార్డులో ఆయనకి ఒక్కో పోగూ కనిపిస్తోంది.

"ఆ పింద కడుపుల సాటిన్ ఏసిన. చుట్టుత గీత ట్విల్లు," అంటాడు. సాటిన్, ట్విల్లు అంటే నేతలో రకాలు. శ్రావణి గళ్ళు నింపుతుంది.

ఒకచోట ఆకు మధ్యలో సన్నని చార కనిపించింది. శ్రావణి దాన్నీ గీయబోయింది.

"అది డిజైన్ కాదు బిడ్డా. ఆ దినం మగ్గం హుక్ పట్టేసింది. నూనె బొట్టు ఎయ్యంగనే ఇడిసింది."

శ్రావణి చెయ్యి ఆగిపోయింది. ఎన్నేళ్ళ కిందటి గుడ్డ అది! ఎన్ని మగ్గాలు, ఎన్ని హుక్కులు!

మాట్లాడేకొద్దీ ఆయన గొంతు తేటపడింది. నర్సు వచ్చి, ఇక ఆపకపోతే ఆయాసమొస్తుందని కోప్పడింది. "చాచా, బస్ కరో, సాన్స్ ఫూల్ జాయేగీ!"

"ఇంకొక్క పువ్వు సిస్టర్," అన్నాడు బతిమాలుతూ. ఆమె మానిటర్ చూసింది, ఆయన ముఖం చూసింది, కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని తనే ఫోన్ పట్టుకుంది. ఆ తల్లి పేరు కూడా నాకు తెలియదు. చల్లగా ఉండాలి.

సేఠ్ అడిగిన బార్డర్లన్నీ ఆదివారానికి తయారయ్యాయి. ఒక్కో గుడ్డ పని అయిపోగానే సత్తెమ్మ వదిన దాన్ని కళ్ళకద్దుకుని, కొత్త బొట్టు పెట్టి, మళ్ళీ పెట్టెలో పెట్టింది. సోమవారం మషీన్లు ఆ ఫైళ్ళతోనే నడిచాయి. పని ఆ ఇంట్లోనే ఉంది. కొన్నాళ్ళకి రాజేశం అన్న నడిచి ఇంటికొచ్చాడు.

ల్యాబులు తెరిచాక డిస్కులు పంపించాను. ఒకటి పూర్తిగా పోయింది, ఒకటి బతికింది. శ్రావణి పాత ఫైలుని తెర మీద పెట్టి, తాను గీసినదాన్ని దాని మీద పరిచింది. రెండు బొమ్మలు ఒకటైపోయాయి. ఎక్కడా అంచు కూడా తేడా లేదు.

ఆ తర్వాత నేను రౌటర్ ఎంచే పద్ధతి మారలేదు. గోడలు చూస్తాను, కరెంటు చూస్తాను. బ్యాకప్ గురించి చెప్పే మాట మాత్రం మారింది. ఆ ఇంట్లో మేము దాచుకున్న మూడు కాపీల్లో ఒక్కటీ ఆ వారం అక్కరకు రాలేదు; మామ దగ్గరిది కూడా అడగ్గానే తిరిగొచ్చి ఆ పళ్ళెంలోనే చేరింది. దాచుకోవాలన్న ఆలోచనే లేకుండా చేతులారా ఇచ్చేసింది ఒక్కటే ఆదుకుంది. అందుకే ఇప్పుడు ఎవరైనా రెండో డిస్క్ ఎక్కడ దాచాలి అంటే, దాచొద్దు, ఇచ్చెయ్యండి అంటాను.

"ఎవరికివ్వాలి?" అంటారు.

"తిరిగి అడగాలంటే మీకు మనసొప్పని వాళ్ళకి," అంటాను.