పెద్ద తల డ్రైవరూ, మండపేట మడీ

2023 జూన్. రాజమండ్రి దానవాయిపేటలో మా ఆటసామాన్ల షాపు. పాతికేళ్ళుగా క్రికెట్ బ్యాట్లు, షటిల్ రాకెట్లు, క్యారమ్ బోర్డులు అమ్ముతున్నాను. రాకెట్లకి గట్టింగ్, అంటే తీగలల్లి బిగించడం, నేనే చేస్తాను. బీఎస్సీ ఫిజిక్స్ చదివాను. అడగకపోయినా ఆ సంగతి చెప్తుంటాను. గోల్ఫ్ సామాను పెట్టి అప్పటికి రెండేళ్ళు. "రాజమండ్రిలో గోల్ఫా?" అని నవ్వే వాళ్ళకి నా సమాధానం ఒకటే: ఆడే మైదానం ఇక్కడ లేకపోతే పోనీండి, ఆడే మనుషులున్నారు. రొయ్యల చెరువుల వాళ్ళు, మిల్లుల వాళ్ళు, డాక్టర్లు సెలవు దొరికితే విశాఖపట్నం పోయి ఆడొస్తారు. వాళ్ళ కోసమే షాపు వెనక వల కట్టించి, లాంచ్ మానిటర్ అనే చిన్న పెట్టె పెట్టాను. వలలోకి కొట్టిన బంతి వేగమూ, లేచిన కోణమూ చూసి, అది గాలిలో ఎంత దూరం పోయి ఉండేదో లెక్కగట్టి చెప్తుందది.

ఆ నెల మొదట్లో మండపేట నుంచి సూర్యనారాయణ గారొచ్చారు. అరవై దాటిన మనిషి, బియ్యం మిల్లు, పాతిక ఎకరాల వ్యవసాయం. గోల్ఫ్ ఆయనకి వియ్యంకుడు అంటించిన జబ్బు. కూతుర్నిచ్చింది విశాఖపట్నం, ఆ వియ్యంకుడే తను వాడి పక్కన పడేసిన పాత డ్రైవర్ ఈయన చేతిలో పెట్టి నేర్పించాడు. డ్రైవరంటే ఆట మొదలెట్టేటప్పుడు బంతిని అన్నిటికన్నా దూరం కొట్టే పొడుగాటి కర్ర. కింద ఉండే బుర్రని హెడ్ అంటారు, దాని సైజుని సీసీల్లో చెప్తారు. ఈయన దగ్గరున్నది మూడొందల అరవై. నిబంధనలు ఒప్పుకునే అతి పెద్దది నాలుగొందల అరవై.

"అదే ఇవ్వండమ్మా, నాలుగొందల అరవై," అన్నారు.

"దేనికండీ?"

"దూరం పోడానికి. వంద సీసీ బండికీ బుల్లెట్టుకీ తేడా ఉండదా ఏంటి?"

నాకు నవ్వూ కోపమూ కలిసొచ్చాయి. "బండిలో సీసీ అంటే లోపల పెట్రోలు మండే చోటండీ. ఇందులో సీసీ అంటే ఉత్త డొల్ల. డొల్ల పెద్దదైతే బంతి దూరం పోదు. అలా పోయేదయితే ఊళ్ళో పెద్ద తలకాయలన్నీ ఈపాటికి చంద్రుడి మీదుండేవి."

ఆయన నొచ్చుకోలేదు. గోదారి మనిషి, ఇలాంటివి ఇచ్చిపుచ్చుకోవడం అలవాటే. "మీరు సరుకు అమ్ముతున్నారా, అమ్మనని భీష్మించుకు కూర్చున్నారా?" అన్నారు. ఓసారి వలలోకి కొట్టి చూడమంటే, "వలలో ఏం తెలుస్తుందండీ, మా చేలో చూసుకుంటాను" అని పట్టుకుపోయారు.

మూడు వారాలకి, ఓ గురువారం తిరిగొచ్చారు. పాతా కొత్తా కర్రలు రెండూ బల్ల మీద పెట్టి, కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు తాగి, అప్పుడు చెప్పారు: "కొత్తదాంతో పాతిక గజాలు తగ్గిపోయిందమ్మా."

"నేను ముందే చెప్పానా లేదా?"

"పెరగదన్నారు. తగ్గుతుందనలేదు కదండీ."

నిజమే, అనలేదు. పైగా తగ్గకూడదు. వల దగ్గరకి తీసుకెళ్ళి రెండు కర్రలతోనూ కొట్టించి, లాంచ్ మానిటర్ అంకెలు చూశాను. బంతి మధ్యలో తగిలినప్పుడు రెండూ ఒకటే, నూట ఎనభైకి అటూ ఇటూ. ఆయనకి పది దెబ్బల్లో ఆరు మధ్యన తగలవు. ఆ ఆరింట్లో పాతది బాగా తగ్గింది, కొత్తది కాస్త తగ్గింది. కారణం చెప్పాను: పెద్ద హెడ్‌లో బరువు అంచులకి పరుచుకుని ఉంటుంది. చిన్న పీట అంచు మీద కాలేస్తే తిరగబడుతుంది, పెద్ద పీట అంత తేలిగ్గా తిరగబడదు. అలాగే బంతి పక్కన తగిలినా పెద్ద హెడ్ తక్కువ మెలిదిరుగుతుంది.

"పీటలు సరేనండి. మా చేలో పాతది రెండొందల అయిదు పోయేది. మీ డబ్బా నూట ఎనభై దాటనంటోంది. మీ డబ్బాకి ఏదో అయింది."

"డబ్బాకి ఏం కాలేదు. మీ కొలతకే ఏదో అయింది."

"నలభై ఏళ్ళుగా చేలు కొలుస్తున్నానమ్మా నేను."

"నేను పాతికేళ్ళుగా ఆటసామాన్లు చూస్తున్నానండి."

అరగంట వాదించుకున్నాం. కర్ర వెనక్కి తీసుకోమన్నారు, తీసుకోనన్నాను. అప్పుడాయన గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పారు. జూలైలో విశాఖపట్నంలో జోడీల పోటీ ఉంది. ఈయనా వియ్యంకుడూ ఒక జోడీ. అక్కడొక చోట బంతి నూట డెబ్బై గజాల నీళ్ళు దాటాలి. ఈయన బంతి ఇప్పటిదాకా ఎక్కువసార్లు నీళ్ళలోనే పడింది.

"భోజనాల దగ్గర బావగారు అందరి ముందూ అన్నారండి, 'మా బావగారికి మిల్లు కన్నా చేపల చెరువు నయం, మేత బాగా వేస్తారు' అని. ఈసారీ నీళ్ళలో వేస్తే వేరే జోడీ చూసుకుంటానన్నారు. అందరూ నవ్వారు. మా అమ్మాయి మాత్రం నవ్వలేదు. అది కూడా నవ్వేసినా బాగుండేది."

ఆదివారం మీ చేలోకే వచ్చి చూస్తానన్నాను. బస్సెక్కించడానికి వచ్చిన మా ఆయన, "చూడ్డానికి వెళ్తున్నావా, గెలవడానికి వెళ్తున్నావా?" అని అడిగాడు. రెండూ ఒకటేగా అన్నాను.

మండపేట దాటాక, మిల్లుకి వెనక ఆయన చేలు. చుట్టూ మళ్ళలో నీళ్ళు పెట్టి దమ్ము చేస్తున్నారు. బంతులు కొట్టుకోడానికని ఒక్క పొడుగాటి మడిని మాత్రం నాట్లకి పెట్టకుండా వదిలేశారు. గట్టు పొడుగునా పది గజాలకో వెదురు కర్ర పాతించారు. నేను వెంట తీసుకెళ్ళిన టేపుతో కొలిచాను, ఎక్కడో ఒకచోట తప్పు దొరక్కపోతుందా అని. వెదురు కర్రలు గజం కూడా తప్పలేదు. టేపు చుట్టేసుకుని ఆ చివర నిలబడ్డాను.

ఆయన కొత్త డ్రైవర్‌తో వరసగా కొట్టారు. ఒక్కటీ నూట ఎనభై రెండు దాటలేదు. పాతికేళ్ళుగా ఆయన దగ్గర పని చేస్తున్న అబ్బులు బుట్ట పట్టుకుని బంతులు ఏరి తెచ్చాడు. మోచేతుల దాకా బురద.

"చేతులకి అంత బురదేంటి అబ్బులూ?" అన్నాను.

"బంతులు పడ్డ చోటే దిగబడిపోతన్నాయండి. ఏలెట్టి పీక్కోవాలండి."

"ఎప్పట్నుంచి?"

"కాలవకి నీళ్ళొదిలిన కాడ్నుంచీనండి. ఏసంగిలో అయితే ఎండిన మడి కదండీ, పడ్డాక కూడా దొర్లుకుంటా అల్లా ఆ వెదురుకర్ర దాకా పోయేయండి. ఇప్పుడు ఆ పక్క మళ్ళో నీళ్ళ ఊటంతా ఈ మళ్ళోకే కదండీ వచ్చేది."

సూర్యనారాయణ గారు అబ్బులు వంక చూశారు. "మరి నాకు చెప్పలేదేంరా?"

"మీరడగలేదు కదండీ. ఆయ్, మీరు కర్ర మంచిది కాదని కంపెనీవోళ్ళని తిడతన్నారు, మజ్జిలో నేనెందుకని."

గోల్ఫ్‌లో దూరం రెండు ముక్కలని షాపుకొచ్చిన ప్రతివాళ్ళకీ పాఠం చెప్పేది నేనే. గాలిలో పోయిన దూరం క్యారీ, నేల మీద దొర్లింది రోల్. పాత కర్రతో ఆయన కొలిచింది మే నెలలో, దాళ్వా పంట కోశాక ఎండి నెర్రెలిచ్చిన మడిలో. అందులో పాతిక, ముప్పై గజాలు ఉత్త దొర్లుడు. కొత్తదాంతో కొలిచింది జూన్‌లో, ఊట దిగిన మడిలో, దొర్లుడు సున్నా. మారింది హెడ్ కాదు, నేల. మాగాణిలో అడుగేస్తే తడి ఎన్ని అంగుళాల దాకా ఉందో అరికాలితో చెప్పగలిగే మనిషి, ఖరీదైన కర్ర చేతిలోకి రాగానే ఆ అరికాలిని మర్చిపోయాడు.

"అయితే విశాఖపట్నంలో నీళ్ళలో పడ్డానికి కారణం..." అని ఆయనే మొదలెట్టారు.

"నీళ్ళ మీద బంతి దొర్లదండి."

ఆయన మడిలోకి దిగి, బంతి దిగబడిన గుంటలో వేలు పెట్టి చూసి, "తడి మడి మంచిదేనన్నమాట" అన్నారు. అప్పుడర్థమైంది నాకు. ప్రతి బంతీ పడ్డచోట గుంట చేస్తోంది. క్యారీ కొలవడానికి నా డబ్బా కన్నా ఆ మడే నయం. నాట్లకి వాడే తాడు తెప్పించి నూట డెబ్బై గజాల దగ్గర అడ్డంగా కట్టించాం. పాతదాంతో పది, కొత్తదాంతో పది కొట్టించాను. పాతవాటి గుంటల్లో అబ్బులు కొబ్బరి ఈనెలు గుచ్చాడు, కొత్తవాటిలో కందికంపలు.

రెండింటిలోనూ అన్నిటికన్నా దూరంగా పడ్డ గుంటల మధ్య నాలుగడుగులు కూడా లేవు. అక్కడ నా మాట నెగ్గింది: మంచి దెబ్బకి తల సైజు కలిపేదేం లేదు. కానీ ఈనెలు మడంతా చెదిరి ఉన్నాయి, తాడు దాటినవి నాలుగే. కందికంపలు గుంపుగా ఉన్నాయి, ఎనిమిది దాటాయి. అక్కడ ఆయన మాట నెగ్గింది. పెద్ద తల మంచి దెబ్బని పొడిగించదు, చెడ్డ దెబ్బని కాపాడుతుంది. పదింట్లో ఆరు చెడ్డవి కొట్టే మనిషికి కావలసింది ఆ కాపుదలే. షాపులో ఆ పీటల కథ చెప్పింది నేనే, దాని అర్థం ఆయన విషయంలో ఏంటో చూడనిదీ నేనే.

పోటీ రెండు రోజులు. మొదటిరోజు బంతి శుభ్రంగా నీళ్ళు దాటింది. రెండోరోజు హెడ్ అంచుకి తగిలి వంకరగా పోయి, అవతలి ఒడ్డు గడ్డిలో పడింది. జోడీకి బహుమతేమీ రాలేదు. వచ్చే పోటీకి మాత్రం వియ్యంకుడు తన పేరు పక్కన ఈయన పేరే రాయించాడట. ఆ సంగతి సూర్యనారాయణ గారు ఫోన్లో చెప్పి, "బావగారు ఏమీ అనలేదమ్మా" అని రెండుసార్లు అన్నారు.

అప్పట్నుంచి షాపుకి ఎవరొచ్చి దూరం తగ్గిందన్నా, కర్ర చేతిలోకి తీసుకోకముందే ఎక్కడ కొట్టారు, ఎప్పుడు కొట్టారు, నేల ఎలా ఉంది అని అడుగుతున్నాను. బంతులు ఏరేది ఎవరో కనుక్కుని వాళ్ళతోనూ మాట్లాడుతున్నాను. నేల తడిగా ఉందా అని అడగడానికి ఫిజిక్స్ డిగ్రీ అక్కర్లేదు. నాకు అది ఉండబట్టే మూడు రోజులు ఆలస్యమైంది.