మాట చివరి ఉకారం

తొమ్మిదేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. ‘బాగుందిరా, ఏమీ మార్చకు.’ అంతే. ఎవరు విన్నా పొగడ్తే అనుకుంటారు. నేను అన్నది మాత్రం ఒకణ్ణి పడగొట్టడానికి. ఇంతవరకూ మా ఆవిడకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

నేను ఓపెరా గాయకుణ్ణి. అమెరికాలో ఒక తెలుగువాడు ఈ పని చేస్తున్నాడంటే మనవాళ్లు ముందు ‘మరి ఉద్యోగం?’ అని అడుగుతారు. ఇదే ఉద్యోగం. నాది బారిటోన్ గొంతు, అంటే మగగొంతుల్లో మధ్యరకం. ప్రేమికుల పాత్రలు పైస్థాయి గొంతులవాళ్లు పట్టుకుపోతారు. మాకు మిగిలేది తండ్రులు, శత్రువులు, నమ్మించి మోసం చేసే స్నేహితులు. ఆ మూడో రకం నేను బాగా చేస్తానని పేరు. నవ్వుకోండి, పరవాలేదు. వచ్చే సీజన్‌లో నా పేరు పోస్టర్ మీద పైవరుసలో ఉంటుంది. ఇక్కడ వినయం నటించను. నేను బాగా పాడతాను. ఇది కష్టపడి సంపాదించుకున్న గొంతు, ఎవరి దగ్గరా ఎత్తుకొచ్చింది కాదు. అందుకే నన్ను నేను దొంగ అనుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది.

శామ్యూల్‌ది నరసాపురం, నాది కాకినాడ. అమెరికా వచ్చిన కొత్తలో పిస్కాటవే అనే ఊళ్లో ఇద్దరం ఎమ్మెస్ చదువుతూ ఒకే తెలుగు క్రైస్తవ సంఘానికి వెళ్లేవాళ్లం. ఆదివారం ఆరాధనలో వాడు కీర్తన ఎత్తుకుంటే ముందువరుసలో ఆంటీలు తాము పాడటం మానేసి పాటల పుస్తకం మూసేసేవారు. వయసులో నాకన్నా రెండేళ్లు చిన్న. గొంతు మాత్రం నాకన్నా పెద్దది. ఈ వాక్యం రాసేముందు కాసేపు ఆగాను. అవును, పెద్దదే.

యూనివర్సిటీలో నేను ఒక టీచర్ దగ్గర ఓపెరా పాఠాలకు చేరాను. శామ్‌కి ల్యాబ్ పని వదిలేది కాదు. అందుకని నేను నేర్చుకున్నది ఆదివారాలు వాడికి చెప్పేవాణ్ణి. మొదట్లో ఏదీ దాచుకోకుండానే చెప్పాను. ఆ మాత్రం మంచితనం నాకూ ఉండేదని చెప్పుకోవాలనుంది.

తెలుగు అజంత భాష అని బడిలో గర్వంగా చెప్పారు కదా. మనకి మాట అచ్చుతో ముగిస్తేనే తృప్తి. బస్ ఎక్కం, బస్సు ఎక్కుతాం. ఇటాలియన్ కూడా దాదాపు అంతే కాబట్టి మా ఇద్దరికీ అది మేనమామ ఇంట్లో భోజనంలా సులువుగా దిగిపోయింది. చిక్కంతా జర్మన్‌తో. అందులో చాలా మాటలు హల్లు దగ్గర ఠక్కున ఆగాలి. మనం ఆగలేం. నోటికి తెలియకుండానే చివర ఒక చిన్న ఉకారం వచ్చి చేరుతుంది. నాకూ చేరేది. మా టీచర్ నా పాట రికార్డు చేసి నాకే వినిపిస్తే సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఆవిడ పట్టుబట్టి దిద్దింది.

అప్పుడు ఒక ఓపెరా కంపెనీ వేసవి శిక్షణకు ఆడిషన్లు పెట్టింది. బారిటోన్‌కి ఒకటే చోటు, మా ఇద్దరిదీ అదే గొంతు. ఇటాలియన్‌లో ఒకటి, జర్మన్‌లో ఒకటి పాడాలి. నాతోపాటు శామ్‌ని కూడా అప్లై చెయ్యమన్నది నేనే. వాడికి రాదన్న ధీమాతో చెప్పానా, నిజంగా వాడి బాగు కోరి చెప్పానా? నన్ను నేను ఎన్నిసార్లు ప్రశ్నించుకున్నా నాకు తెలియడం లేదు.

ఆడిషన్ ఇంకా మూడు వారాలుంది. ఆరాధన అయ్యాక, భోజనాల హాల్లో ఇద్దరం కుర్చీలు మడతపెడుతున్నాం. వాడు చేతిలో కుర్చీ పక్కన పెట్టి జర్మన్ పాట అందుకున్నాడు. వంటగదిలో బిర్యానీ గిన్నెలు కడుగుతున్నవాళ్లు కుళాయి కట్టేసి విన్నారు. నాకూ ఒళ్లు పులకరించింది. ఆ వెంటనే ఉకారాలు వినపడ్డాయి. రాత్రిని జర్మన్‌లో ‘నాఖ్ట్’ అనాలి, వాడు ‘నాఖ్టు’ అన్నాడు. ప్రతి పాదం చివరా అదే. నాకు కలిగింది సంతోషమే, ఇంకో పేరు పెడితే అబద్ధం అవుతుంది.

“ఎలాగుంది అన్నా? ప్రొనన్సియేషన్ ఓకేనా? ఆన్‌లైన్‌లో విని ప్రాక్టీస్ చేశాను,” అన్నాడు శామ్.

“బాగుందిరా. ఏమీ మార్చకు.”

“ఎక్కడో తేడా కొడతందేమో అని చిన్న డౌట్. ఉంటే నువ్వు చెప్పేస్తావుగా.”

“చెప్పనేంటి? తేడా ఏం లేదు. ఇప్పుడు కెలికితే ఉన్నది కూడా పోద్ది.”

సరే అన్నా అని వాడు మళ్లీ కుర్చీ అందుకున్నాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. వాడేం పడతాడు, పాపం, నన్ను ఇంటివాడనే అనుకున్నాడు.

ఆడిషన్ అయ్యాక చోటు నాకొచ్చింది. శామ్‌కి ఒక మెయిల్ వచ్చింది. గొంతు అపురూపంగా ఉంది, ఉచ్చారణ మాత్రం వేదికకు ఇంకా సిద్ధంగా లేదు అని. నువ్వు బాగుందన్నావు కదా అని వాడు నిలదీయలేదు. ఫోన్ నా చేతిలో పెట్టి, దీనర్థం ఏంటని అడిగాడు, అంతే. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. అక్కడ నేను రెండో తప్పు చేశాను, మొదటిదానికన్నా పెద్దది. వాళ్లకి మన యాక్సెంట్ అంటే చిన్నచూపురా, మనవాళ్లని అంత తేలిగ్గా తీసుకోరు అన్నాను. అలాంటివాళ్లు లోకంలో లేకపోలేదు, నాకూ తగిలారు. అందుకే ఆ అబద్ధం అంత బాగా అతికింది. ఆడిషన్ రోజు మా పాట విన్న ముగ్గురు జడ్జీలు మాత్రం అలాంటివాళ్లు కారు. శామ్ నా భుజం తట్టి, నిన్నైనా తీసుకున్నారు, మన పేరు నిలబెట్టన్నా అన్నాడు. నిలబెట్టాను. ఆ వేసవి నుంచి నా దారి ఆగలేదు. వాడు మళ్లీ ఏ ఆడిషన్‌కీ వెళ్లలేదు.

ఇప్పుడు శామ్ క్యారీ అనే ఊళ్లో ఉంటాడు. మందుల కంపెనీలో మంచి ఉద్యోగం, అక్కడి తెలుగు సంఘంలో గాయక బృందం వాడిదే. పోయిన నెల ఆ బృందంలో పాడే అమ్మాయి ఒకతె నాకు వాయిస్ మెసేజ్ పంపింది. అక్కడే పుట్టి పెరిగిన పిల్ల. “అంకుల్, నేను ఓపెరా ఆడిషన్ ఇవ్వాలి అనుకుంటున్నా. శామ్ అంకుల్ వద్దు చెప్తున్నారు. వాళ్లు మనవాళ్లని తీసుకోరు అంట. మరి మిమ్మల్ని ఎలా తీసుకున్నారు?”

ఎలా తీసుకున్నారు? ఎన్నో ఇంటర్వ్యూల్లో ఈ ప్రశ్నకు దర్జాగా జవాబిచ్చినవాణ్ణి. ఆ పిల్ల మెసేజ్ మాత్రం మళ్లీ మళ్లీ పెట్టుకుని విన్నాను. నేను ఒక్కడికి చెప్పిన అబద్ధాన్ని వాడు ఇన్నేళ్లుగా నిజమని నమ్మి, ప్రేమతో, పిల్లల్ని కాపాడుతున్నాననుకుంటూ పంచుతున్నాడు.

వాడి మనసు కష్టపెట్టకూడదనే దాచానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. తప్పు లోకానిదని నమ్మి హాయిగా ఉన్నాడు కదా, ఎందుకు కెలకడం అని. ఎవరి హాయి అది? ఆదివారం సంఘంలో అందరం లేచి ‘మేము పాపులము’ అంటాం. ఆ బహువచనంలో తలదాచుకోవడం ఎంత సుఖమో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

ముందు శామ్‌కి మెయిల్ రాశాను. కుర్చీల సంగతి, ఉకారం సంగతి, యాక్సెంట్ అని నేను కల్పించిన సంగతి, అన్నీ. క్షమించమని అడగలేదు. అడిగితే వాడు క్షమించేస్తాడు, వాడి తత్వం నాకు తెలుసు. తర్వాత ఆ అమ్మాయికి రాశాను: ఆడిషన్ ఇవ్వు తల్లీ, శామ్ అంకుల్ చెప్పింది నా దగ్గర విన్న అబద్ధం, తప్పు ఆయనది కాదు.

శామ్‌కి రాసినదాంట్లో ఒక వాక్యం మూడుసార్లు చెరిపి మళ్లీ రాశాను. అది లేకపోయినా విషయం అర్థమవుతుంది. లేకపోతేనే వాడికి నొప్పి తక్కువ, నాకు పరువు ఎక్కువ. ‘మా టీచర్ నా ఉకారం దిద్దడానికి పట్టింది పది రోజులు, నీకు అంత కూడా పట్టేది కాదు శామ్.’ ఆ వాక్యం ఉంచే పంపాను.

వాడు మెయిల్ తెరిచి చదివినట్టు రసీదు వచ్చింది. నాకు తేలిగ్గా ఉంది. వాడికెలా ఉందని అడిగే హక్కు నాకు లేదు.