పేరు చెప్పి బిగించాలి

మా ఇంటి ఎదుట కిరాణా కొట్టు షట్టరు రోజూ పొద్దున్నే పైకి లేస్తుంది. ఆ ఇనుప మోత వినగానే చేతిలో పని ఆపి, నా పేరు నేనే గొణుక్కుంటాను. వయసుతో వచ్చిన చాదస్తమని ఇంట్లోవాళ్లు నవ్వుకుంటారు. నిజానికి అది మునెప్పన్న నేర్పిన అలవాటు. అవసరమైన రోజున నాకు పనికిరాకుండా పోయిన అలవాటు కూడా అదే.

ఎనభైల మొదట్లో ఒక సర్కస్ కంపెనీ వానాకాలమంతా హోసూరులో, బాగలూరు దారి పక్కన మకాం వేసేది. నేను ఆ కంపెనీలో రైటరును. ఉత్తరాలు రాయడం, హాజరు వేయడం నా పని. మునెప్పన్న చిరుతను చూసుకునేవాడు. సూళగిరి పక్కన గొర్రెలు మేపుకునే ఇంట్లో పుట్టాడు. చిన్నప్పుడు చిరుతను తరిమినవాణ్ణి ఇప్పుడు దానికే కూడు పెట్టాల్సి వచ్చిందని తన మీద తానే నవ్వుకునేవాడు.

చిరుత బోను మధ్యలో పైనుంచి కిందికి జారే ఇనుప తలుపు ఒకటి ఉండేది. చిరుతను ఒక సగంలోకి తోలి, తలుపు దించి, దానికి చీల గుచ్చితే, రెండో సగంలోకి వెళ్లి కడగవచ్చు. చీల గుచ్చిన మనిషి బయటినుంచి తన పేరు చెప్పి, బిగించానని గట్టిగా అనాలి. ఈ నియమం మునెప్పన్న పెట్టిందే. ఒకసారి యజమాని స్వయంగా వచ్చి, తలుపు పడింది, లోపలికి పొమ్మన్నాడు. మునెప్పన్న చీపురు పట్టుకుని ఉన్నచోటే నిలబడ్డాడు. చివరికి యజమాని చిరాకు పడుతూ పేరు చెప్పక తప్పలేదు. నాకు నవ్వు ఆగలేదు. మునెప్పన్న మాత్రం నవ్వలేదు.

"ఉత్తమాట ఎవురైనా అంటారప్పా. పేరు చెప్పాలంటే చీల తట్టు ఒకసారి చూస్తారు" అన్నాడు.

ఆ తర్వాత ఏ కాగితం మీదైనా రెండుసార్లు చదవనిదే సంతకం పెట్టేవాణ్ణి కాదు. నేను బాగుపడ్డాననే అనుకున్నాను.

ఒక రోజు తలుపు దించే మనిషికి జ్వరం. మునెప్పన్న నన్ను పిలిచాడు. తలుపు దించాను. చీల తుప్పు పట్టి ఉంది, సగం దిగి ఆగిపోయింది. అంతలో యజమాని ఆఫీసు గుడారంలోంచి నన్ను కేకేశాడు. వచ్చి సరిచేద్దాంలే అనుకున్నాను. "నరసింహులు, బిగించినాను" అని అరిచి వెనుదిరిగాను. పది అడుగులు వేశానో లేదో, చిరుత తలుపును గుద్దిన చప్పుడు. చీల ఊడి తలుపు పైకి లేచింది. మనుషులు కర్రలతో పరుగెత్తి దాన్ని అదిలించేసరికే, లోపల కడుగుతున్న మునెప్పన్న కుడిచెయ్యి నుజ్జయిపోయింది. ఆసుపత్రిలో మోచేతి పైకి తీసేశారు.

నియమం మీరినవాడికి నష్టపరిహారం ఇవ్వక్కర్లేదని యజమానికి ఎవరో చెప్పారు. ఎవరి పేరూ వినకుండానే మునెప్పన్న బోనులోకి వెళ్లాడని యజమాని చెబుతుంటే నేను రాశాను. మనుషుల్ని కాపాడాలని మునెప్పన్న పెట్టిన నియమాన్నే తెచ్చి ఆయన మెడకు చుట్టాం. నిజం చెబితే ఉద్యోగం పోతుందని, కేసు నా మీదికి వస్తుందని భయం. ఆ భయంలోనూ అక్షరాలు గుండ్రంగా కుదిరాయి. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చితికిపోతాను.

కృష్ణగిరిలో విచారణ జరిగింది. మునెప్పన్న ఖాళీ చొక్కా చేతిని మడిచి పిన్నీసు పెట్టుకుని, ఎదుటి బల్ల మీద కూర్చున్నాడు. పేరు విన్నాకే లోపలికి పోయానని చెప్పాడు. ఎవరి పేరని అధికారి అడిగాడు. మునెప్పన్న నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, ఎదురుచూపు ఉంది.

"ఆయప్ప ఈడనే ఉండాడు సార్. ఆయన పేరు ఆయనే చెప్తాడు" అన్నాడు.

అధికారి నా వైపు తిరిగాడు. నేను ఏ పేరూ చెప్పలేదన్నాను.

మునెప్పన్న నష్టపరిహారం అర్జీ కొట్టేశారు. సూళగిరి వెళ్లిపోయి మళ్లీ గొర్రెల వెంట తిరిగాడని విన్నాను. బస్సు అక్కడ ఆగిన ప్రతిసారీ నేను రెండో వైపు కిటికీకి తిరిగి కూర్చున్నాను. ఆయన పోయాడని తెలిసిన రోజున కూడా దిగలేదు.

ఇప్పుడు అడిగే అధికారి లేడు, వినవలసిన మనిషీ లేడు. అయినా చెబుతున్నాను. నరసింహులు. బిగించానని అరిచింది నేనే. చీల సగమే దిగింది.