కండెల కుండలో వచ్చిన మందు

తిరుపతిలో మా ఇంటి దగ్గరి మందుల దుకాణంలో ఫ్రిజ్ తలుపు తెరిచినప్పుడల్లా చల్లగాలితో పాటు రబ్బరు బిరడాల వాసన కొంచెం బయటికి వస్తుంది. మొన్న నా ముందు నిలబడిన ఒకాయన ఇన్సులిన్ ధర అడిగి, సీసా వైపు కాసేపు చూసి, మళ్లీ వస్తానని వెళ్లిపోయాడు. నాకు నగరిలోని మా మగ్గాల వీధి గుర్తుకొచ్చింది.

ఆ వీధిలో తెల్లవారుతూనే గంజి వాసన లేచేది. వీధి పొడవునా గంజి పెట్టిన పడుగు నూలు సాచి పెద్దవాళ్లు కుంచెలతో దువ్వుతుంటే, పిల్లలం వాటి కింద దూరి బొంగరాల వెంట పరిగెత్తి తిట్లు తినేవాళ్లం. జాతర వస్తే ఇంటింటా అంబలి, నెయ్యి కారే బెల్లం పొంగలి. మా చెల్లెలు సుగుణకు మాత్రం పొంగలి లేదు. పాలపళ్లు ఊడే వయసులోనే దానికి చక్కెర జబ్బు వచ్చింది. రోజూ సూది పడితేనే బతుకుతుందని తిరుపతి డాక్టరు చెప్పాడు. ఊళ్లో ఒక్క సీసా కొనాలన్నా మగ్గం మీది చీర దిగేదాకా ఆగాలి. జబ్బు ఆగదు.

మద్రాసు టోకు దుకాణంలో ఆ మందు బాగా తక్కువకు దొరుకుతుందని, కానీ పెట్టె మొత్తం కొనాలని, నూలుకు వెళ్లొచ్చిన నాయన చెప్పాడు.

"పెట్టెడు మందు మనమేం జేసుకుంటాం?" అన్నాడు దిగులుగా.

"నూలు బేలు మనమొక్కరమే తెస్తా ఉండామా ఏంది? నాలుగిండ్లు పొత్తు కలిస్తేనే గదా. మందుకు మాత్రం ఏమొచ్చె?" అంది అమ్మ.

అప్పటి నుంచి అమ్మ సంతలో, బస్సులో, ఆసుపత్రి వరండాలో ఎవరు కలిసినా "మీ పక్క చక్కెర సూది ఎవురేసుకుంటా ఉండారు?" అని అడిగేది. అలా మా వీధి చివరి మునిరత్నం తాత, చర్చి పక్కనుండే మేరమ్మ టీచరు, పుత్తూరు నుంచి ఒక కుటుంబం కలిశారు. అందరి డాక్టరు చీటీలూ తీసుకుని నాయన బయల్దేరాడు.

మా వాళ్లకు విలువైన సరుకంటే జరీ. దానికి చెమ్మ తగలకూడదు. ఆ అలవాటుతోనే నాయన పెట్టెను నూలు బేలు నడుమ పొదిగి, బేలును బస్సు పైన కట్టించి, నడివేసవి ఎండలో ఎంతో భద్రంగా ఇంటికి చేర్చాడు. ఆ మందు వేసిన రెండు మూడు రోజులకే చెల్లెలు తల ఎత్తలేకపోయింది. డాక్టరు సీసాను వెలుతురుకు పట్టి చూసి, వేడికి చెడిపోయిందన్నాడు. అమ్మ ఆ పూటే తక్కిన ఇళ్లకు ఆ మందు వాడొద్దని కబురు చేసి, మగ్గం మీది చీరను సగంలోనే కోసి అమ్మి, ఊళ్లో ఒక సీసా కొని చెల్లెల్ని లేపింది. నాయన గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఇక పొత్తు విరిగినట్టేననుకున్నాం. మునిరత్నం తాత విషయమంతా విని పడీ పడీ నవ్వాడు.

"జరీ మాదిరి సుట్టి తెచ్చినాడా! పట్టుపంచె గూడా కట్టాల్సింది దానికి. పోనీలేమ్మా, ఈతూరి నువ్వే పో."

అడ్డంగా నేసే పేక నూలు ఎండి తెగకుండా, ఆ నూలు చుట్టిన కండెలను తడిగుడ్డలో కప్పి మట్టికుండలో పెట్టుకోవడం మా ఇళ్లలో మామూలు. అమ్మ ఆ కుండనే ఒళ్లో పెట్టుకుని మద్రాసు వెళ్లింది. వచ్చేటప్పుడు సీసాలను తడి కండెల మధ్య కూర్చి, బస్సు ఆగిన చోటల్లా గుడ్డ తడుపుకుంటూ వచ్చింది.

"ఏమ్మా, కుండలో మీన్లా?" అన్నాడట కండక్టరు.

"మీన్లే. నీకూ కూర పంపిస్తాలే, జరుగప్పా."

నడుము మీద కుండతో ఆమె వీధిలోకి వస్తుంటే నేను తల ఎత్తుకుని వెనకాలే నడిచాను. కుండను గుంతమగ్గం కింద, నేసేవాళ్లు కాళ్లు దించుకునే చల్లటి గుంతలో దించింది. మందు నిలిచింది. పొత్తు కూడా నిలిచింది.

ఇప్పుడు ఆ గుంతలు పూడ్చి పవర్‌లూములు పెట్టారు. ఫోను చేస్తే నూలు ఇంటికొస్తోంది. పొత్తు బేళ్లు లేవు. అమ్మా నాయనా లేరు. పెద్దాసుపత్రిలో చీటీ చూపితే మందు ఇస్తున్నారు, మంచిదే; వరుసలో నిలబడినవాళ్లు మాత్రం పక్కవాళ్ల ఊరు కూడా అడగడం లేదు.

పోయిన నెల తన మనవరాలి పుట్టువెంట్రుకలకు సుగుణ తిరుమల మెట్లెక్కింది. మోకాళ్ల పర్వతం దగ్గర నేను ఆయాసంతో కూలబడితే, పైమెట్టు మీద నుంచి బిడ్డను చంకన వేసుకుని వెనక్కి తిరిగింది.

"ఏంన్నా, సూది పడేది నీకా నాకా? లెయ్, లెయ్!"

లేచాను.